పేరు లేని బొమ్మ, నంబరున్న చీర

ఫ్యాషన్ పత్రికల గురించి మాట్లాడబోతూ ఒక్క బొమ్మ కూడా చూపించలేకపోవడం రేడియోకున్న ఇబ్బంది. ఈ విషయం వరకూ ఆ ఇబ్బంది కొంత మేలే చేస్తుంది. బొమ్మ కళ్లెదురుగా ఉంటే చీర బాగుందా, మనిషి బాగుందా అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. బొమ్మ లేనప్పుడు దాని కింద ఏం అచ్చువేశారు, ఎవరి పేరు వేశారు, ఎవరిది వదిలేశారు అని అడగడానికి వీలు చిక్కుతుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది సూరత్ చీరల కేటలాగు గురించి. దాన్ని ఎవరూ పత్రిక అనరు. అయినా తెలుగు జిల్లాల్లో ఆడమనిషి ఏ వయసులో ఏం కట్టుకోవాలి, ఎలా నిలబడాలి, ఎటు చూడాలి అన్నది ఏ వారపత్రికా నేర్పనంతగా నేర్పింది ఆ కేటలాగే అని నా వాదన. లండన్‌లోనూ టోక్యోలోనూ పుట్టిన ప్రత్యామ్నాయ ఫ్యాషన్ పత్రికలను దాని పక్కన పెట్టి చూస్తే, మన దగ్గర లేనిదేమిటో, ఉండి కూడా అచ్చుకెక్కనిదేమిటో తేటపడుతుంది.

సూరత్ రింగ్ రోడ్డు పొడవునా టెక్స్‌టైల్ మార్కెట్లు వరసగా ఉంటాయి. ఒక్కో మార్కెట్లో అంతస్తు మీద అంతస్తు, వందల కొద్దీ చిన్న చిన్న దుకాణాలు. అక్కడ అమ్ముడయ్యేది ఎక్కువగా పాలియెస్టర్ నూలు మీద నేసిన జార్జెట్, షిఫాన్, క్రేప్. పాండేసరా, ఉధ్నా, లింబాయత్ వైపున్న లక్షలాది మరమగ్గాల మీద నేసిన, ఇంకా రంగు వేయని గ్రే బట్ట ప్రాసెస్ మిల్లులకు వెళ్లి రంగూ అచ్చూ వేయించుకుని మార్కెట్‌కు వస్తుంది. అక్కడి నుంచి విజయవాడ వస్త్రలత మార్కెట్‌కు, హైదరాబాదు మదీనా, పత్తర్‌గట్టీలకు, వాటి నుంచి మండల కేంద్రాల్లోని బట్టల కొట్లకు చేరుతుంది. చీర కన్నా ముందు కేటలాగు ప్రయాణం చేస్తుంది. ఒకప్పుడు మందపాటి మెరుపు కాగితం మీద పుస్తకంగా వచ్చేది, ఇప్పుడు చాలావరకు వాట్సాప్‌లో ఫొటోల కట్టగా వస్తోంది. ఇంగ్లీషు పత్రికల్లో ఫెమినా 1959లో మొదలైంది, వోగ్ భారతీయ సంచిక 2007లో వచ్చింది. వాటిని తిరగేసిన చేతులెన్ని? జమ్మికుంటలోనో నరసన్నపేటలోనో కొట్టు బల్ల మీద కూర్చుని, దుకాణదారు ఒక్కో పేజీ తిప్పుతుంటే ‘ఇది చూపించు, ఈ రంగులో ఇంకోటుందా’ అని అడిగిన చేతులెన్ని? కొనకుండానే చదివే పత్రిక అది. చందా లేదు, సంపాదకీయం లేదు, పాఠకుల ఉత్తరాలూ లేవు. పాఠకురాలి అభిప్రాయం తెలియాలంటే ఆ సెట్టు మళ్లీ ఆర్డరైందో లేదో చూడాల్సిందే.

ఒక మామూలు కేటలాగు ఎలా ఉంటుందో చెబుతాను. అట్ట మీద ఒక ఆడపేరో పువ్వు పేరో, ఇంగ్లీషు అక్షరాల్లో బంగారు రంగుతో. లోపల ఆరో ఎనిమిదో డిజైన్లు. అన్నిటిలోనూ ఒకే అమ్మాయి. వెనక పాత హవేలీ ద్వారమో, స్టూడియోలో పెట్టిన సోఫానో. వయసు ఇరవైల్లో, ఒళ్లు సన్నం, ఛాయ తెలుపు. ఒక చెయ్యి కొంగు అంచును తాకీ తాకనట్టు పట్టుకుని ఉంటుంది, తల కాస్త పక్కకి వాలి ఉంటుంది, చూపు కెమెరా దాటి ఎటో పోతుంది. పేజీ కింది మూల డిజైన్ నంబరు, పక్కన బట్ట రకం, కొలత. కొలత దాదాపు ఎప్పుడూ ఒకటే: చీర అయిదున్నర మీటర్లు, జాకెట్టు గుడ్డ 80 సెంటీమీటర్లు, మొత్తం 6.30. ఆ అమ్మాయి పేరు ఎక్కడా ఉండదు. ఇక ఆమె నిలబడే తీరు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1979లో ‘జెండర్ అడ్వర్టైజ్‌మెంట్స్’ అనే పుస్తకం వేశాడు. వందలాది ప్రకటనలను పక్కపక్కన పరిచి, ఆడవాళ్లను ఎలా నిలబెడుతున్నారో చూశాడు. ఆడ చెయ్యి వస్తువును గట్టిగా పట్టుకోదు, ఊరికే నిమురుతుంది. తల వాలుతుంది, మోకాలు వంగుతుంది, మనసు అక్కడ లేనట్టు చూపు దూరంగా పోతుంది. ఆయన చూసినవి అమెరికా పత్రికలు, సిగరెట్టు, సబ్బు, కారు ప్రకటనలు. ఆయన జాబితా పట్టుకుని సూరత్ కేటలాగు తెరిస్తే ఒక్క గుర్తు కూడా తప్పిపోదు. రోజూ చీర కట్టుకుని బస్సెక్కే మనిషి, బడిలో పాఠం చెప్పే మనిషి, ఇటుకలు మోసే మనిషి కొంగును అలా నిమురుతూ నిలబడదు. కొంగు బొడ్లో దోపుకుంటుంది. కేటలాగులో దోపిన కొంగు కనిపించదు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 1980లో లండన్‌లో రెండు పత్రికలు పుట్టాయి. నిక్ లోగన్ ‘ది ఫేస్’ మొదలుపెట్టాడు. బ్రిటిష్ వోగ్‌లో ఆర్ట్ డైరెక్టరుగా పనిచేసి బయటికొచ్చిన టెర్రీ జోన్స్ ‘ఐ-డి’ మొదలుపెట్టాడు. ఐ-డి తొలి సంచికలు చేత్తో స్టేపుల్ కొట్టిన పల్చటి పుస్తకాలు. అందులో కొత్తగా కనిపించింది వింత దుస్తులు కాదు, పంక్ కుర్రకారు వాటిని అప్పటికే నాలుగైదేళ్లుగా వీధుల్లో తొడుక్కుని తిరుగుతున్నారు. కొత్తదనం ఫొటో తీసే తీరులోనూ దాని కింద రాసే మాటలోనూ ఉంది. వీధిలో పోయే మనిషిని గోడ ముందు ఆపి, తల నుంచి చెప్పుల దాకా నిటారుగా ఫొటో తీసేవాళ్లు. కింద అతని పేరు, ఏం చేస్తాడు, చొక్కా ఎక్కడ కొన్నాడు, ఏ పాట వింటాడు. చొక్కా పాత బట్టల అంగడిదో, అమ్మ కుట్టిందో, అన్నయ్యది చిరిగితే సరిచేసుకున్నదో, అదీ రాసేవాళ్లు. టోక్యోలో షోయిచి అవోకి 1997లో మొదలుపెట్టిన ‘ఫ్రూట్స్’ కూడా హరజుకు వీధుల్లోని పిల్లలను ఇదే పద్ధతిలో అచ్చువేసింది. ది ఫేస్ మరో దారి పట్టింది. 1980ల నడుమ రే పెట్రీ అనే స్టైలిస్టు మగవాళ్లకు స్కర్టులు తొడిగి, వాటి మీద సైనికుల జాకెట్లు వేసి, బాక్సింగ్ కుర్రాళ్లలా నిలబెట్టాడు. అది వేషమని ఆ ఫొటోలు ఎక్కడా కన్నుగీటి చెప్పవు. వాళ్లు ఉన్నదే అలా అన్నట్టు చూపిస్తాయి.

ఈ పత్రికలను ప్రత్యామ్నాయం అనడానికి నేను పెట్టుకునే కొలబద్ద చాలా మామూలుది. బట్ట తొడుక్కున్న మనిషికి మాట్లాడే హక్కుందా? నువ్వెవరు, ఎందుకిలా కట్టుకున్నావు, ఇది నీకెక్కడ దొరికింది అన్న మూడు ప్రశ్నలు ఆ మనిషిని అడిగి, జవాబును బొమ్మతో పాటు అచ్చువేస్తే అది ప్రత్యామ్నాయ పత్రిక. కాగితం నాసిరకమైనా, బొమ్మ మసకగా ఉన్నా సరే. మూడిటికీ జవాబు సంపాదకుడో వ్యాపారో ముందే రాసేసుకుంటే, అందులో మోడల్ ఎంత వింత జుట్టుతో ఉన్నా అది కేటలాగే. సూరత్ పుస్తకం మొదటి ప్రశ్నకు పేరు చెప్పదు, రెండోదానికి పండుగ, పెళ్లి, పార్టీ అని మూడు ముక్కలు చెబుతుంది, మూడోదానికి నంబరు చెబుతుంది.

‘అది వ్యాపారం సరుకు చూపించే పుస్తకం, దాన్ని పట్టుకుని పత్రిక ధర్మాలు అడగడం అన్యాయం’ అని ఇక్కడ ఎవరైనా అనవచ్చు. మాట న్యాయంగానే వినిపిస్తుంది. కానీ బొమ్మ శక్తి సూరత్‌కు తెలియనిదేమీ కాదు. గార్డెన్ వరేలీ ప్రకటనలు గుర్తున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ధర చెప్పకుండా, కొనమని అడగకుండా, ఒక రకం స్త్రీని చూపించి బట్టను అమ్మిన ప్రకటనలు అవి, ఆ మిల్లు సూరత్‌దే. పైగా ఆ పుస్తకం సరుకును చూపించి ఊరుకోదు, సరుకును మలుస్తుంది కూడా. ఆ 6.30 మీటర్ల కొలతనే తీసుకోండి. చీర కట్టు తీరులను ఏళ్ల తరబడి సేకరించిన ఋతా కపూర్ చిష్తీ దేశం మొత్తం మీద 108 కట్టుల దాకా నమోదు చేశారు. అందులో మన ఆంధ్ర, తెలంగాణ కట్టులూ ఉన్నాయి. పొలంలో దిగి నాటువేసే మనిషి కాళ్ల మధ్యగా తీసి వెనక దోపుకునే గోచీ కట్టు వాటిలో ఒకటి. ఆ కట్టుకు సాధారణంగా ఎనిమిది తొమ్మిది గజాలు కావాలి. మరమగ్గం మీద అయిదున్నర మీటర్లకు కత్తిరించిన చీరతో ఒక్క కుచ్చిళ్ల కట్టే సుఖంగా కుదురుతుంది. అంటే ఏ కట్టు ‘చీర కట్టు’ అనిపించుకోవాలో, ఏది ముసలమ్మల కట్టుగా మిగిలిపోవాలో మగ్గం దగ్గరే తేలిపోయింది. కేటలాగు ఆ నిర్ణయానికి అందమైన ముఖం తగిలించి ఊరూరికీ పంపింది. లంగా ఓణీ సంగతీ అంతే. రెండు తరాల కింద ఆడపిల్ల బడికి వేసుకెళ్లిన బట్ట అది. ఇప్పుడు హాఫ్ శారీ పేరుతో, లెహంగా కుట్టుతో, రాళ్లు పొదిగి ఫంక్షన్ రోజుకు మాత్రమే వస్తోంది. మామూలు రోజుల్లో ఇంట్లో అందరూ తిరిగేది నైటీలో, భుజాన ఒక తువ్వాలు. తెలుగు ఆడవాళ్లు ఎక్కువ గంటలు గడిపే దుస్తు బహుశా అదే. దాన్ని ఫ్యాషన్‌గా చూసిన పత్రిక నాకు తెలిసి ఒక్కటీ లేదు.

కట్టుకునేవాళ్లను అడగకపోతే ఏమవుతుందో 2017లో తెలంగాణ చూసింది. ఆ ఏడు బతుకమ్మ పండుగకు ప్రభుత్వం రాష్ట్రంలో దాదాపు కోటి మంది ఆడవాళ్లకు చీరలు పంచాలని తలపెట్టింది. సిరిసిల్ల సాంచాలకు, అంటే అక్కడి మరమగ్గాలకు, పని కల్పించడం అసలు ఉద్దేశం. అన్నీ అక్కడే నేయడానికి గడువు చాలకపోవడంతో మిగతావి సూరత్ నుంచి తెప్పించారు. పంపిణీ మొదలైన రోజుల్లోనే కొన్నిచోట్ల ఆడవాళ్లు ఆ చీరలను వీధిలో కుప్పపోసి కాల్చారు. రాజకీయం కలిసిందని కొట్టిపారేసినవాళ్లున్నారు. కలిసే ఉంటుంది, కాదనను. కానీ వాళ్లు మైకుల ముందు అన్న మాటలు నాణ్యత గురించి, చేనేత ఇస్తారనుకుంటే ఇదేమిటన్న నిలదీత గురించి. ఇది ఏ బట్ట, ఎక్కడిది, మాకెందుకు ఇది అని అడిగారు. ఇందాక నేను చెప్పిన ప్రశ్నలే అవి, అడిగింది మాత్రం కట్టుకోవలసిన వాళ్లు. తర్వాతి ఏళ్లలో చీరలు సిరిసిల్లలోనే నేయించారు, రంగులూ డిజైన్లూ పెంచారు, పెద్ద వయసు ఆడవాళ్ల కోసం తొమ్మిది మీటర్ల చీరలు విడిగా నేయించారు. అవే పవర్‌లూములు, అదే పాలియెస్టర్. కట్టుకునే మనిషి లెక్కలోకి వస్తే కొలత మార్చడం మరమగ్గానికి అసాధ్యమేమీ కాదని దీంతో తేలింది.

ఇక మగవాళ్ల సంగతి. కేటలాగులో మగవాడు ఉండడు, ఉన్నా పెళ్లి సెట్టులో షేర్వానీ వేసుకుని ఒక తల ఎత్తు ఎక్కువగా వెనక నిలబడతాడు. కానీ చీర ముందుగా ఎవరి ఒంటి మీద వాలుతుంది? బట్టల కొట్లో సేల్స్‌మన్ ఒంటి మీద. చీర మడత విప్పి, ఒక కొస నడుం దగ్గర ప్యాంటు బెల్టుకు ఆనించి, మూడు వేళ్లతో గబగబా కుచ్చిళ్లు పోసి, కొంగు ఎడమ భుజం మీదికి విసిరి, ‘చూడండమ్మా, పడేటప్పుడు ఇలా పడుతుంది’ అంటాడు. మీసాలున్న మనిషి. ఎదురుగా కూర్చున్న నలుగురు ఆడవాళ్లూ నవ్వరు, చీరను చూస్తారు. ఈ దేశంలో రోజూ ఎన్ని వేలసార్లు జరుగుతుందో ఈ ప్రదర్శన! ఇప్పుడు సూరత్ మార్కెట్లలోని కుర్రాళ్లు ఫోను ఎదురుగా పెట్టుకుని, లైవ్ వీడియోల్లో ఇదే పని చేస్తున్నారు. ఇరవై ఏళ్ల పిల్లవాడు, జీన్సు ప్యాంటు, పక్కలు గొరిగించిన జుట్టు, భుజాన జార్జెట్ చీర. అడుగు వేసి తిరుగుతాడు, కొంగు చాచి చూపిస్తాడు, చూసేవాళ్లు పంపిన ప్రశ్నలకు అక్కా, దీదీ అంటూ జవాబు చెబుతాడు. రే పెట్రీ స్టూడియోలో కష్టపడి తయారుచేసిన దృశ్యానికి ఇది దూరపు చుట్టమే. సూరత్ యువతకు ఒక సొంత స్టైలంటూ ఉందంటే నా లెక్కలో అది ఇదే. అచ్చు కేటలాగులోకి మాత్రం అతనికి ప్రవేశం లేదు.

మన సమాజం మగవాడి ఒంటి మీద చీరను ఒప్పుకోదు కాబట్టే వ్యాపారులు అచ్చువేయరని మరో అభ్యంతరం. చరిత్ర దీనికి పూర్తిగా సాక్ష్యం చెప్పదు. గుజరాతీ నాటకరంగంలో జయశంకర్ భోజక్ 1901లో ‘సౌభాగ్య సుందరి’లో వేసిన ఆడవేషంతో సుందరి అన్న పేరే ఇంటిపేరంతయింది. ముంబయి ఆడవాళ్లు ఆయన కట్టునూ తీరునూ అనుకరించేవారని చెప్పుకుంటారు. 1971లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. మన నాటకరంగంలో ఆడవేషాలు వేసిన స్థానం నరసింహారావు ఉన్నారు, 1956లో పద్మశ్రీ. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ జడ ముందుకు వేసుకుని వస్తే ఆడదెవరో మగాడెవరో మర్చిపోయిన ప్రేక్షకులున్నారు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి, పూలు ముడిచి మొక్కు తీర్చుకుంటారు. ఆ జాతర వేషంలోనే ‘పుష్ప’ సినిమా రెండో భాగంలో అల్లు అర్జున్ కనిపించాడు. మొదటి భాగం ఆడిన ఊపులో సూరత్‌లో ‘పుష్ప’ బొమ్మలు అచ్చువేసిన చీరలే తయారయ్యాయి. హీరో బొమ్మ చీర మీదికి ఎక్కింది కానీ, చీర కట్టిన హీరో కేటలాగులోకి ఎక్కలేదు. ఆ అభ్యంతరంలో నిజం లేకపోలేదు, వేదిక మీదా జాతరలోనూ సినిమాలోనూ ఒప్పుకున్నదాన్ని మనం వీధిలో ఒప్పుకోం. రోజూ చీర కట్టుకునే హిజ్రాలను రైల్లో ఎలా చూస్తామో అందరికీ తెలుసు. కళకు, భక్తికి ఇచ్చిన వెసులుబాటు బతుకుకు ఇవ్వం. అయితే ఆ గీత ఎక్కడ గీయాలన్నది అచ్చువేసేవాళ్ల చేతిలో కూడా కొంత ఉంటుంది. 1980ల లండన్ వీధులూ స్కర్టు తొడిగిన మగవాళ్లకు ఎర్ర తివాచీ పరచలేదు. పత్రిక ముందు అచ్చువేసింది, వీధి తర్వాత ఆలోచించుకుంది.

కేటలాగులో లేని మరో మనిషి గురించి చెప్పకపోతే ఈ మాట సగంలో ఆగినట్టే. సూరత్‌లో తెలుగువాళ్లు కొత్తగా వచ్చినవాళ్లు కారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు మరమగ్గాల పనికి తరాలుగా వెళ్లి, లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడ్డారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే వాళ్ల సంఖ్య ఊహించవచ్చు. గంజాం నుంచి వచ్చిన ఒడియావాళ్లతో పాటు వాళ్లూ సాంచాల చప్పుడులో పన్నెండు గంటల షిఫ్టులు చేస్తారు. ఇళ్లలో ఆడవాళ్ల పని వేరే. ప్రాసెస్ మిల్లు నుంచి వచ్చిన చీరలు కట్టలుగా ఇంటికి వస్తాయి. ఒకామె ఎంబ్రాయిడరీ వెనక వేలాడే దారాలు కత్తెరతో కత్తిరిస్తుంది, ఇంకొకామె అంచుకు లేసు కుడుతుంది, మరొకామె నేల మీద చీర పరచి జిగురు చుక్క మీద చుక్క పెట్టుకుంటూ, వేలి కొసతో ఒక్కో రాయీ అంటిస్తుంది. కూలి చీరకింత అని. కేటలాగులో ఆ అమ్మాయి నిమిరే కొంగు మీద రాళ్లు అవే. ఒకే చీరకు ఇద్దరు ఆడవాళ్లు: ఒకరి చెయ్యి తాకీ తాకనట్టు తాకుతుంది, ఇంకొకరి వేళ్లకు జిగురు వదలదు. పేరు ఇద్దరిదీ లేదు. నంబరు చీరకే ఉంది.

ప్రత్యామ్నాయ పత్రికలను ఆకాశానికెత్తేస్తున్నానని ఎవరైనా అనుకుంటే, వాటి జాతకమూ చెబుతాను. 1990 జులై ది ఫేస్ అట్ట మీద కొరీన్ డే తీసిన పదహారేళ్ల కేట్ మాస్ ఫొటో వచ్చింది. మేకప్ లేని, మచ్చలున్న, నవ్వే ముఖం. అది నిజంగానే గాలి మార్చిన బొమ్మ. కొన్నేళ్లకే ఆ సన్నదనం, ఆ నీరసం పెద్ద కంపెనీల ప్రకటనల్లోకి వెళ్లి ఒక ఫార్ములా అయిపోయింది. మత్తుమందు అలవాటును అందంగా చూపిస్తున్నారని 1997లో అమెరికా అధ్యక్షుడు క్లింటనే విమర్శించాల్సి వచ్చింది. ది ఫేస్ 2004లో మూతపడి 2019లో మళ్లీ తెరుచుకుంది. ఐ-డిని 2012లో వైస్ అనే మీడియా సంస్థ కొనుక్కుంది, 2023లో మోడల్ కార్లీ క్లాస్ కొనుక్కుంది. ఫొటో తీయదగ్గ పిల్లలు వీధిలో కనిపించడం లేదని చెప్పి అవోకి 2017లో ఫ్రూట్స్ ఆపేశాడు. వీధిని అచ్చువేసిన పత్రికను చూసి కంపెనీలు బట్టలు కుట్టాయి, ఆ బట్టలే వీధిలోకి వచ్చాయి. ప్రత్యామ్నాయం చివరికి అంగడికే దారి చూపించిందంటే నేను కాదనలేను. పత్రికలు అమ్ముడుపోయాయి, నిజమే. ఆ ఫొటో తీసే తీరు, ఆ మూడు ప్రశ్నలు మాత్రం ఎవరి ఆస్తీ కాలేదు. మనకు పనికొచ్చేది అదే.

మూడో అభ్యంతరం కొనుక్కునే ఆడవాళ్ల వైపు నుంచే వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ‘పక్కింటామె ఎలా ఉందో నాకు రోజూ కనిపిస్తూనే ఉంది. కేటలాగులో కూడా ఆమెనే చూడాలా? ఆరేడు వందలు పెట్టి చీర కొనుక్కునేది కాసేపు ఇంకోలా ఉందామని.’ ఈ మాటలో తప్పులేదు. పట్టు కట్టుకునే స్తోమత లేని కోట్ల మందికి మెరుపునూ రంగునూ అందుబాటులోకి తెచ్చింది సూరతే. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వస్తే, ఆ గళ్లనే పాలియెస్టర్ మీద అచ్చువేసి పదోవంతు ధరకు పంపిందీ సూరతే. నేతగాడికి అది దెబ్బ. కూలికి వెళ్లే అమ్మాయికి మాత్రం ఆ గళ్లు ఒంటి మీదికి రావడానికి అదొక్కటే దారి. ఈ రెండు నిజాల్లో ఒకదాన్ని వదిలేసి నీతి చెప్పడం నాకు చేతకాదు. కానీ మోజు కలగాలంటే మోడలే ఉండాలన్నది మాత్రం ఇప్పటికే తప్పని తేలింది. మీషో లాంటి యాప్‌ల ద్వారా, వాట్సాప్ గ్రూపుల ద్వారా చీరలమ్మే గృహిణులు చాలామంది తామే కట్టుకుని, గుమ్మం దగ్గరో మేడ మీదో ఫొటో తీసి పెడుతున్నారు. కొన్నవాళ్లు కూడా రివ్యూ కింద తమ ఫొటోలు పెడుతున్నారు: రంగు బొమ్మలో ఉన్నట్టు లేదు, బట్ట పల్చగా ఉంది, జాకెట్టు గుడ్డ చాలలేదు, కానీ ధరకు బాగానే ఉంది. మనిషి, ఒళ్లు, వెలుతురు, మాట, అన్నీ అసలువి. చూసేవాళ్లు నమ్మేది కూడా ఆ ఫొటోనే. ఐ-డి గోడ ముందు చేసిన పనిని ఈ ఆడవాళ్లు పేరు పెట్టకుండానే చేస్తున్నారు.

అయితే ఎక్కడ దొరికిందన్న మూడో ప్రశ్నకు ఆ ఫొటోల కిందా జవాబు దొరకదు. దానికి కారణం లింగవివక్ష ఒక్కటే కాదు, లాభం కూడా. చీర ఎక్కడిదో, ఎంతకు వచ్చిందో చెబితే కొనేవాళ్లు నేరుగా సూరత్‌కే ఫోన్ చేస్తారు. అందుకే కొట్లవాళ్లు చీర మీది చీటీ తీసేస్తారు, రీసెల్లర్లు ఫొటో మీద కంపెనీ పేరు చెరిపేస్తారు, ఒకరి కేటలాగు ఇంకొకరు దొంగిలించి మోడల్ ముఖం కత్తిరించి వాడుకుంటారు. ముఖం లేని చీరల ఫొటోలు వాట్సాప్‌లో అన్ని తిరుగుతున్నాయంటే దాని వెనక ఉన్నది సిగ్గు కాదు, ఈ దొంగతనం. ఈమధ్య ఆ కష్టమూ తప్పింది. కృత్రిమ మేధతో బొమ్మ తయారుచేసి, చీరను కంప్యూటరే దానికి కట్టేస్తోంది. తల వాలుస్తుంది, చూపు దూరంగా పోనిస్తుంది, కొంగు నిమురుతుంది. గాఫ్‌మన్ జాబితా అంతా యంత్రం నేర్చేసుకుంది. పేరు అడగడానికి ఆ పేజీలో ఇప్పుడు మనిషే లేదు.

కాబట్టి సూరత్ నుంచి ఒక ప్రత్యామ్నాయ ఫ్యాషన్ పత్రిక రావాలంటే అది రింగ్ రోడ్డు స్టూడియోల్లో పుట్టదు. తెలుగు, ఒడియా, హిందీ, గుజరాతీ కలిసి మాట్లాడే లింబాయత్ గల్లీల్లో పుట్టాలి. ఒకే చీరను మూడు పేజీల్లో చూపించవచ్చు: రాళ్లు అంటించిన ఆమె ఒంటి మీద, లైవ్ వీడియోలో దాన్ని భుజాన వేసుకుని అమ్మిన కుర్రాడి ఒంటి మీద, జమ్మికుంటలో కొనుక్కుని కొంగు బొడ్లో దోపుకున్న ఆమె ఒంటి మీద. ఇష్టపడ్డవాళ్లవి పేరుతో, లేదంటే పేరు లేకుండా. కింద ఎవరికెంత ముట్టిందో రాయాలి: అంటించినందుకు ఎంత, అమ్మినందుకు ఎంత, కొన్నది ఎంతకు. ఇందులో పేరు, స్టైలు అచ్చువేయడానికి వ్యాపారులు అభ్యంతరపెట్టకపోవచ్చు, ఉచితంగా ప్రచారం దొరికిందనుకుంటారు. గొడవ వచ్చేది ఆ అంకెల దగ్గరే. ఐ-డి, ఫ్రూట్స్ కూడా చొక్కా ఎక్కడ కొన్నావని అడిగాయి తప్ప, ఎవరు కుట్టారు, కుట్టుకూలి ఎంత అని అడగలేదు. ఆ ప్రశ్న లండన్ నుంచో టోక్యో నుంచో అరువు తెచ్చుకునేది కాదు, సూరత్‌లోనే మొదలు కావాలి.